తుమ్ముకు ముందు ముఖం

"నీకు ప్రేరణ ఎక్కడి నుంచి వస్తుంది వెంకయ్యా?" అని అడిగాను.

"ఆధార్ కార్డు నుంచండీ మాస్టారూ" అన్నాడు.

పెన్నుకు మూత పెట్టేశాను. మా కళాసమితి వాళ్ళు పాతికేళ్ళ పండగకు సంచిక వేస్తూ, "స్థానిక శిల్పి: ప్రేరణ, సృజన ప్రక్రియ" అన్న అంశం మీద నాలుగు పేజీలు రాయమని నన్ను పట్టుకున్నారు. ముప్పై నాలుగేళ్ళు హైస్కూల్లో డ్రాయింగు మాస్టారుగా చేసి రిటైరైనవాణ్ణి కనుక ప్రేరణ గురించి నాకు తెలిసే ఉంటుందని వాళ్ళ నమ్మకం. నా సర్వీసంతటిలో నన్ను కదిలించిన ప్రేరణ ఆఖరి పీరియడు గంట ఒక్కటే. బోర్డు మీద ఒక కుండ, ఒక జామకాయ, ఒక చెక్కపెట్టె గీసి, వాటినే ముప్పై నాలుగేళ్ళు పిల్లల చేత గీయించాను. ఆ సంగతి సమితి వాళ్ళకు చెప్పలేదు. శాలువా కప్పుతామన్నారు మరి.

ఊరి పేరూ మనుషుల పేర్లూ మార్చి రాస్తున్నానని ముందే చెబుతున్నాను. ఎందుకు మార్చానో చివరికి మీకే తెలుస్తుంది.

వెంకయ్య విగ్రహాలు చేస్తాడు. సత్తెనపల్లి దాటాక రోడ్డు పక్కన రేకుల షెడ్డు అతనిది. లోపల అడుగుపెడితే గుండె ఒక్కసారి జల్లుమంటుంది, ఎందుకంటే అక్కడ నిలబడ్డ పెద్దమనుషుల్లో ఎవరికీ తల ఉండదు. మొండేలు ముందే చేసి పెట్టుకుంటాడు. చెయ్యెత్తి నిలబడ్డవి కొన్ని, దండం పెడుతున్నవి కొన్ని, కుర్చీలో కాలు మీద కాలు వేసుకున్నవి కొన్ని. ఎవరో ఒకరు పోయాక తల ఒక్కటి చేసి అతికిస్తే చాలు. కండువాకు మాత్రం ఆఖరి రోజు దాకా రంగు వెయ్యడు. పోయినాయన పార్టీ మారలేడు గానీ, ఆయన కొడుకులు మారొచ్చు.

మా వైపు ఇప్పుడిది ఆచారం అయిపోయింది. కాస్త భూమి ఉన్న ఇంట్లో పెద్దాయన పోతే, సంవత్సరీకం నాటికి పొలం గట్టున, రోడ్డుకు కనపడేలా ఆయన విగ్రహం లేవాల్సిందే. సత్తెనపల్లి నుంచి పిడుగురాళ్ల దాకా బస్సులో వెళ్ళండి. పత్తి చేల మధ్య, మిరప తోటల పక్కన బంగారు రంగు పూసుకున్న పెద్దలు మీకు దండం పెడుతూ కనిపిస్తారు. బతికి ఉన్నప్పుడు ఎదురుపడితే పలకరించని వాళ్ళు కూడా వాళ్ళలో ఉన్నారు.

వాళ్ళ పోలికల కోసం ఇంటివాళ్ళు తెచ్చేది ఆధార్ కార్డు. ఆ ఫొటోలో ఎంతటి మర్యాదస్తుడైనా కోళ్ళ దొంగలా ఉంటాడు. దాన్ని వెంకయ్య చేతిలో పెట్టి, "మా నాన్న కళ్ళలో తేజస్సు రావాలి" అంటారు. బట్టతలకు జుట్టు కావాలంటారు. వేలిముద్ర వేసే మనిషికి జేబులో రెండు పెన్నులు అడుగుతారు. ఒక కోడలు గారు వచ్చి, "మావయ్య గారికి కోపం కాస్త తగ్గించండి, పిల్లలు జడుసుకుంటున్నారు" అందట. వెంకయ్య అన్నీ ఒప్పుకుంటాడు. అతని భార్య లిడియా చర్చి స్కూల్లో ఆయా. సెలవు రోజుల్లో ఆమే విగ్రహాలకు బంగారు రంగు వేస్తుంది. "బతికుండగా ఉన్న మొహం ఎవురికీ నచ్చదండీ మాస్టారూ" అని ఆమె బ్రష్షు కడుగుతూ అంటే, నేను అప్పుడు నవ్వేసి ఊరుకున్నాను.

వెంకయ్య నాకు శిష్యుడే. పదో తరగతిలో డ్రాయింగుకు నూటికి ఇరవై ఎనిమిది వేశాను. చేతిలో నేర్పు లేక కాదు. పోస్టుమాన్ని గీయమన్నా, రైతును గీయమన్నా, హెడ్మాస్టర్ని గీయమన్నా ప్రతి బొమ్మకూ ఒకే ఎడమ చెవి పెట్టేవాడు. పుస్తకంలో పేజీ మూల మడిచినట్టు ఆ చెవి పైభాగం మడతపడి ఉండేది. ఎర్ర పెన్సిలుతో సున్నా చుట్టి, "చెవి తప్పు" అని రాసేవాణ్ణి. అలా ఆరుసార్లు చుట్టాను. ఏడోసారి చెవి మెలిపెట్టాను, బొమ్మది కాదు, వాడిది.

ఇక వేములగుంట పేరయ్య గారి దగ్గరికి వస్తాను. అరవై ఎకరాల మిరప, ఒక కోల్డ్ స్టోరేజీ, నవ్వు ఎరగని ముఖం ఆయన ఆస్తులు. పెళ్ళి ఫొటోలో కూడా ఫొటోగ్రాఫరు ఏదో తప్పు చేసినట్టే చూస్తుంటాడు. డెబ్బై ఎనిమిదో ఏట పోయాడు. పెద్దకొడుకు శ్రీకృష్ణ వచ్చే ఎన్నికల్లో టిక్కెట్టు వస్తుందని ఎదురుచూస్తున్నాడు. మైకు దొరికితే చాలు, "మా నాన్న మిరప టిక్కీలు భుజాన మోసి పైకొచ్చిన మనిషి" అని మొదలుపెడతాడు. మా వైపు మిరప బస్తాను టిక్కీ అంటారు. పేరయ్య గారి అరవై ఎకరాలూ వాళ్ళ నాన్న ఇచ్చినవే, ఆయన జన్మలో టిక్కీ మోయలేదు. చిన్నకొడుకు చైతన్యకృష్ణ గుంటూరులో అపార్టుమెంట్లు కడతాడు. అతను తండ్రి ఫొటోను ఫోనులో ఏదో చేయించి తెచ్చాడు. అందులో పేరయ్య గారికి ముప్పై అయిదేళ్ళు ఉన్నాయి, పాలరంగు ఉంది, మెడలో లేని గొలుసు కూడా ఉంది.

"మా నాన్నేనండీ, కొంచెం ఎన్‌హాన్స్ చేశాం" అన్నాడు.

తలను ముందు మట్టితో చేస్తారు. ఇంటివాళ్ళు చూసి సరే అన్నాకే అచ్చు తీసి ఫైబరుతో పోస్తారు. ఆ చూడటాన్ని వెంకయ్య "మట్టిచూపులు" అంటాడు. అందులో ఒక హక్కు ఉంది. మట్టి మెత్తగా ఉంటుంది కనుక, వచ్చినవాళ్ళు వేలు పెట్టి సవరించవచ్చు. పేరయ్య గారి మట్టిచూపులకు రెండు కార్లలో పదకొండు మంది వచ్చారు. శ్రీకృష్ణ చెల్లెలు ముక్కు లాగింది. అల్లుడు బుగ్గలు నింపాడు. శ్రీకృష్ణ గడ్డం నొక్కి అచ్చం తన గడ్డంలా చేసుకున్నాడు. చైతన్యకృష్ణ తన ఫోను చూసుకుంటూ నుదురు సాపు చేశాడు. గంటసేపు అందరూ తలా ఒక చెయ్యి వేశాక పేరయ్య గారు ఉడికిన చిలగడదుంపలా తయారయ్యారు. అప్పుడు అందరూ తృప్తిగా వెనక్కి జరిగి, "ఇప్పుడొచ్చింది పోలిక" అన్నారు. వాళ్ళు ఇంటికెళ్ళి ఫొటో మళ్ళీ చూసుకున్నాక పోలిక పోయింది. "అంతా తీసేసి మళ్ళీ చెయ్యి, ఎల్లుండి వస్తాం" అని ఫోను చేశారు. ఆవిష్కరణకు పన్నెండు రోజులే ఉన్నాయి.

మర్నాడు పొద్దున నా సృజన ప్రక్రియ కోసం మళ్ళీ షెడ్డుకు వెళ్ళాను. వెంకయ్య స్టూలు మీద కూర్చుని, చిన్న గుడ్డమూటను ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీలుస్తున్నాడు. కళ్ళ నుంచి ధారగా నీళ్ళు. ఆయాసం మందేమో అనుకున్నాను.

"ఎండు మిరపకాయలండీ. ఆధార్ కార్డు పని చెయ్యనప్పుడు ఇదేనండీ నా ప్రేరణ" అని, ముందున్న మట్టి తల మీద తడిగుడ్డ తీశాడు.

కళ్ళు సగం మూసుకుని, పైపెదవి కాస్త లేచి, ఏదో రాబోయేదాని కోసం ముఖమంతా ఎదురుచూస్తోంది. నవ్వు అనుకుంటే నవ్వు. పేరయ్య గారు మాత్రం కాదు. ఎడమ వైపుకు వెళ్ళి చూశాను. చెవి పైభాగం మడతపడి ఉంది.

నేను ఆరుసార్లు సున్నా చుట్టిన చెవి అది.

"ఎవర్రా ఇది?" అన్నాను.

"మా నాన్నండీ."

వెంకయ్య తండ్రి దేవసహాయం, పేరయ్య గారి కల్లంలో టిక్కీలు తొక్కేవాడు. ఎండిన మిరపకాయలు గోనెలో పోస్తుంటే, నడుం దాకా అందులో దిగి కాళ్ళతో తొక్కి కూరాలి. తొక్కిన టిక్కీని ఎడమ భుజం మీద ఎత్తుకుని బండికి మోయాలి. మోసి మోసి చెవి అలా మడతపడింది. తొక్కేటప్పుడు లేచే ఘాటుకు అందరూ తుమ్ముతారు గానీ, దేవసహాయం తుమ్ము ఒక పట్టాన వచ్చేది కాదట. కళ్ళు సగం మూసి, పెదవి లేపి, టిక్కీలో అలాగే నిలబడిపోయేవాడు. కల్లమంతా పని ఆపి చూసేది. తొడిమలు తీసే ఆడవాళ్ళు ఒకటీ రెండూ మూడూ అని లెక్కపెట్టేవాళ్ళు. చివరికి తుమ్ము ఊడిపడగానే, ఆ మూల నుంచి ఆయన భార్య సంతోషమ్మ "నిండు నూరేళ్ళు!" అని అరిచేది. అందరూ పడీ పడీ నవ్వేవాళ్ళు.

ఆయన నలభై ఏళ్ళు బతికాడు. ఆఖరి రెండేళ్ళు తుమ్ము పోయి దగ్గు పట్టుకుంది. ఊపిరితిత్తుల్లో దుమ్ము పేరుకుందని ఆసుపత్రిలో చెప్పారు. ఆ కల్లం మిరపకాయలతో పచ్చళ్ళు పెట్టుకున్న మేమందరం మాత్రం ఇప్పటికీ గుండ్రాళ్ళలా ఉన్నాం.

ఫొటో లేదు. చర్చి జూబిలీ నాడు తీసిన గ్రూపు ఫొటోలో చివరి వరసలో నిలబడ్డాడు గానీ, ముందున్న పాస్టరు గారి భార్య కొప్పు ఆయన ముఖానికి సరిగ్గా అడ్డం వచ్చింది. ఎడమ చెవి ఒక్కటి మిగిలింది.

"నాకు పద్నాలుగో ఏట పోయాడండీ. మర్చిపోతానేమోనని అప్పటి నుంచి గీస్తన్నా. ముక్కు ఒక ఇగ్రహంలో, గడ్డం ఒక ఇగ్రహంలో పెట్టా. మొత్తం మొహం ఒక్కసారీ రాలేదండీ. ఈరోజు పొద్దున వచ్చింది" అన్నాడు వెంకయ్య.

నాకు చెప్పలేనంత సిగ్గు వేసింది. తండ్రి పోయిన మరుసటి ఏడే కదా నేను ఆ చెవి మెలిపెట్టింది. "ఆ చెవి తప్పు కాదురా" అన్నాను. నలభై ఏళ్ళు ఆలస్యంగా.

"ఇది నీ దగ్గర ఉంచుకో. పేరయ్య గారికి ఇంకోటి చెయ్యి" అని సలహా కూడా ఇచ్చాను.

"షెడ్డులో ఉంటే అమ్ముడుపోని బొమ్మంటారండీ. ఆ కల్లం పక్కన దిమ్మె మీద నిలబడితే మనిషంటారు. ఎప్పుడూ నడుం దాకా గోనెలోనే ఉన్నాడండీ అక్కడ. ఒక్కసారన్నా ఎత్తుగా నిలబడాల."

"ఇది మోసం వెంకయ్యా."

"మోసమేనండీ."

"దొరికితే?"

"శ్రీకృష్ణ గారు నన్నే అచ్చు పోస్తారండీ" అని మళ్ళీ మూట వాసన చూశాడు.

రెండో మట్టిచూపులకు బసవమ్మ గారు కూడా వచ్చారు. ఆమె పేరయ్య గారి భార్య. మొదటిసారి ఆమెను తీసుకురావాలని పదకొండు మందిలో ఒక్కరికీ తోచలేదు. వెంకయ్య తడిగుడ్డ తీశాడు. నేను తల లేని ఒక పెద్దమనిషిని ఆనుకుని నిలబడ్డాను.

"అబ్బ! నాన్న అచ్చం ఇట్టాగే నవ్వేవాడు" అన్నాడు శ్రీకృష్ణ.

చెల్లెలు కళ్ళొత్తుకుంది. అల్లుడు తలూపాడు. నన్ను కూడా అభిప్రాయం అడిగారు. "ఇందులో గొప్ప కరుణ ఉంది" అన్నాను. తుమ్ము ఉందని చెప్పే ధైర్యం నాకు లేదు.

చైతన్యకృష్ణ మాత్రం ఫోను తీసి, మట్టి తల పక్కన పెట్టి చూశాడు. "ఈ ఎడం చెవేంటి ఇలా ఉంది? నాన్న చెవి నీట్‌గా ఉంటుంది. కోసెయ్ వెంకయ్యా, నే చూస్తుండగానే కోసెయ్" అన్నాడు.

వెంకయ్య చెక్కుడు పుల్ల తీసుకున్నాడు. చెవి దాకా వెళ్ళిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఇంకో నిమిషం ఆగితే ఎందుకు ఆగావని అడుగుతారు, చెప్పాల్సి వస్తుంది. పుల్ల చెవిని తాకింది.

"కొయ్యమాక" అన్నారు బసవమ్మ గారు.

దగ్గరికొచ్చి, కళ్ళజోడు సర్దుకుని ఆ ముఖాన్ని చాలాసేపు చూశారు. మడతపడ్డ చెవిని వేలితో ముట్టుకున్నారు. తరవాత పెద్దకొడుకు వైపు తిరిగారు.

"ఏరా పెద్దోడా, మీ నాన్న టిక్కీలు మోసి పైకొచ్చాడని మైకులో అరుస్తావు గదా. టిక్కీలు మోసినోడి చెవి ఇట్టాగాక ఎట్టా ఉంటది?"

శ్రీకృష్ణ నలుగురి ముందు తండ్రి టిక్కీలు మోయలేదని అనలేడు. "అవునవును. చెవి ఉండాల్సిందే. ఆ చెవే ముఖ్యం" అని తమ్ముడి ఫోను పక్కకు నెట్టాడు. అందరూ కార్ల దగ్గరికి నడిచారు. బసవమ్మ గారు కదల్లేదు.

"నువ్వు దేవసహాయం కొడుకువి గదూ?" అన్నారు.

వెంకయ్య పుల్ల కింద పడేసి చేతులు కట్టుకున్నాడు. "తప్పయిపోయిందమ్మగారూ. మార్చేస్తానండీ."

"కాపురానికొచ్చిన కొత్తల్లో ఒకరోజు కల్లంలో మీ నాన్న తుమ్ముకి నేనూ నవ్వా. కూలోళ్ళతో కలిసి నవ్వుతావా అని మీ అయ్యగారు మూడు రోజులు మాట్లాడలా. మళ్ళీ నేను కల్లం వైపు పోలా" అని ఆమె చీర చెంగుతో కళ్ళజోడు తుడుచుకున్నారు. "యాభై ఏళ్ళు ఇంట్లో ఆ చిరాకు మొహం చూశా. ఇప్పుడు రోడ్డు మీద కూడా అదే నిలబెట్టి చూడమంటారా నన్ను? ఇదుండనీ."

గుమ్మం దాకా వెళ్ళి ఆమె వెనక్కి తిరిగారు. "ముసుగు తీసే రోజు మీ అమ్మని తీసుకురా. తేకపోతే ఆ చెవి నేనే కోయిస్తా."

ఆవిష్కరణ ఘనంగా జరిగింది. కల్లం పక్కనే ఆరడుగుల దిమ్మె కట్టించారు. ముసుగు తీసిన నాయకుడు ఆ ముఖంలోకి చూస్తూ, "ఈ చిరునవ్వులో పల్నాటి రైతు ఆత్మవిశ్వాసం కనిపిస్తోంది" అన్నాడు. పేరయ్య గారు బతికున్నన్నాళ్ళూ అరుగు కూడా ఎక్కనివ్వని మనిషికి, ఆయన కొడుకులిద్దరూ నిచ్చెన ఎక్కి బిందెలతో పాలు పోశారు, పట్టు కండువా కప్పారు, కాళ్ళకు మొక్కారు. విగ్రహం దగ్గరికి వెళ్ళబోతున్న వెంకయ్యను ఎవరో ఆపి, చెప్పులు బయట విడిచి రమ్మన్నారు. విడిచి వెళ్ళాడు.

వెనక వరసలో కల్లంలో పనిచేసిన ముసలివాళ్ళు నిలబడ్డారు. ఒకప్పుడు అక్కడ కాటా వేసిన ఖాజావలి, "ఒరేయ్, ఇది మన..." అని మొదలుపెట్టి, బసవమ్మ గారు తనవైపే చూస్తుండటంతో దగ్గు తెచ్చుకున్నాడు. వాళ్ళందరికీ మొదటి చూపులోనే తెలిసిపోయింది. ఒక్కరూ నోరు విప్పలేదు. కొందరు తువ్వాళ్ళు నోటికి అడ్డం పెట్టుకున్నారు. దాన్ని దుఃఖం అనుకుని శ్రీకృష్ణ వాళ్ళకు భోజనాల్లో మొదటి బంతి ఇప్పించాడు.

భోజనాల వేళకు లిడియా తన అత్తను ఆటోలో తీసుకొచ్చింది. సంతోషమ్మకు డెబ్బై అయిదు దాటాయి. ఎక్కడికి వస్తున్నదీ ఆమెకు చెప్పలేదు. కోడలి చెయ్యి పట్టుకుని మెల్లగా నడుస్తూ, దిమ్మె ముందుకొచ్చి తలెత్తింది. కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. ఇంకా చూసింది. తుమ్ము కోసం ఎదురుచూస్తున్న మనిషిలా నోరు కొంచెం తెరుచుకుని అలాగే ఉండిపోయింది. వెంకయ్య నా భుజం పట్టుకున్నాడు, అతని గోళ్ళు దిగాయి.

"నిండు నూరేళ్ళు" అంది సంతోషమ్మ.

గట్టిగా అనలేదు. అని, రెండు చేతులతో విగ్రహం పాదాలు పట్టుకుని ఏడ్చింది.

"చూశారా, కూలీ జనానికి నాన్నంటే ఎంత ప్రాణమో! ఒరేయ్ ఫొటో, ఇటు రా, ముసలమ్మనీ నాన్ననీ కలిపి తియ్యి" అని శ్రీకృష్ణ కేకపెట్టాడు.

నేను సంచికకు వ్యాసం ఇచ్చాను. శిల్పికి ప్రేరణ కీర్తిశేషులు పేరయ్య గారి నిర్మల జీవితం అని రాశాను. శాలువా కప్పారు.

ఆ ఫొటో మర్నాడు పేపర్లో జిల్లా పేజీలో పడింది. "యజమాని విగ్రహం వద్ద కన్నీటి పర్యంతమైన వ్యవసాయ కూలీ" అని కింద రాశారు. ఇప్పుడు అది ఫ్రేము కట్టి వెంకయ్య ఇంట్లో గోడకు ఉంది. వాళ్ళ అమ్మా నాన్నా కలిసి ఉన్న ఫొటో అదొక్కటే. కింద ఉన్న అక్షరాలను లిడియా కత్తెరతో కత్తిరించేసింది.